చీటీ మీద 'ఐ5, 16 జీబీ' అని రాసిస్తే సరిపోదు: పగలు ఆఫీసుకీ రాత్రి ఆటకీ పనికొచ్చే సిస్టమ్ కూర్చుకోవడం ఎలా

మా మేనల్లుడు రాజాం నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఐ5 సిస్టమ్ ఇరవైరెండు వేలకే ఇస్తానంటున్నాడు షాపాయన. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు కూడా వేస్తాడట. కొనేయమంటావేటి?"

చీటీ ఫొటో తీసి పంపమన్నాను. ఐదు లైన్లు: ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్, క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు అందించే పెట్టె). చూడ్డానికి బాగానే ఉంది. మళ్లీ మళ్లీ అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ ఐ5 2012 నాటి మూడో తరంది. ఇంటెల్‌వాళ్ల ఐ5 అనే పేరు 2009 నుంచీ ఉంది కాబట్టి చీటీలో అబద్ధమేమీ లేదు. ఆఫీసులవాళ్లు తీసిపారేసిన ప్రాసెసర్‌ని కొత్తగా మెరిసే మదర్‌బోర్డు (పార్టులన్నీ కూర్చునే బోర్డు) మీద పెట్టి అమ్ముతారు. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లకి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 మద్దతు లేదు. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. ఇక ఆ 4 జీబీ కార్డు జీటీ 730, 2014లో వచ్చింది. జీబీలు నాలుగున్నంత మాత్రాన ఇప్పటి ఆటలు దాని మీద నడవవు.

నేను విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల షాపులకి ట్యాలీ, జీఎస్టీ పని చేస్తాను. కంప్యూటర్ ఇంజనీరుని కాను. కానీ ఇంట్లోవాళ్లకీ, నాకు పనిచ్చే షావుకార్లకీ కలిపి ఇప్పటికి ఓ పదిహేను సిస్టమ్‌లు దగ్గరుండి కట్టించాను. నా మాట ఒకటే. చీటీ కోసం షాపుకి వెళ్లకండి, చీటీ రాసుకుని వెళ్లండి. ప్రతి లైన్లో పార్టు పేరు, పూర్తి మోడల్ నంబర్, వారంటీ ఉండాలి. ఆ చీటీ ఎలా రాయాలో వరసగా చెప్తాను.

ముందు పని రాసుకోండి, పార్టులు తర్వాత

ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, ప్రింటర్. ఇదీ మన ఆఫీసు పని. దీనికి పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఇప్పటి ఏ మామూలు ప్రాసెసరైనా, 16 జీబీ ర్యామ్, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. ఖర్చు ఎంతో తేల్చేది ఆటే. కాబట్టి ఇంట్లో ఆడేవాళ్లని కూర్చోబెట్టి ఏ ఆటలు ఆడతారో పేర్లతో రాయించండి. "అన్నీ ఆడతాను" అంటే ఒప్పుకోకండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివైతే చిన్న కార్డుతో హాయిగా నడుస్తాయి. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలైతే కార్డు మీద పెట్టే డబ్బు రెట్టింపవుతుంది. వాలరెంట్‌కి ఇంకో మెలిక ఉంది. విండోస్ 11లో అది నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి. పాత బోర్డూ ప్రాసెసరూ కలిపి కాంబోగా కొన్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఆఫీసు వైపు నుంచి కూడా ఒక జాబితా వేయండి. డిజిటల్ సంతకం టోకెన్, ప్రింటర్, స్కానర్, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి ఎన్ని యూఎస్‌బీ పోర్టులు కావాలి? కాటాని కంప్యూటర్‌కి కలిపే కొట్టయితే ఇది మరీ ముఖ్యం. చాలా కాటాలు ఇప్పటికీ పాత సీరియల్ పోర్టుతోనే మాట్లాడతాయి. కొత్త బోర్డుల వెనక ఆ పోర్టు ఉండదు. బోర్డు మీద 'కామ్' అని పిన్నులుంటే చిన్న బ్రాకెట్ కొని తగిలించుకోవచ్చు, లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ కొనాలి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుదీ ఇదే గొడవ. సిస్టమ్ వచ్చాక తెలుసుకుంటే ఆ రోజు బిల్లులు చేత్తో రాసుకోవాల్సిందే.

మానిటర్ దగ్గర మొదలుపెట్టండి

అందరూ చివర్లో మిగిలిన డబ్బుతో మానిటర్ కొంటారు. నేను ముందే తేల్చేస్తాను, ఎందుకంటే ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలో చెప్పేది అదే. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అయితే మధ్యస్థం కార్డు సరిపోతుంది. 27 అంగుళాలు కావాలంటే ఫుల్ హెచ్‌డీ వద్దు, అక్షరాలు పలచబడి ఎక్సెల్‌లో కళ్లు లాగుతాయి. ఆ సైజుకి 1440పీ (ఫుల్ హెచ్‌డీ కన్నా ఎక్కువ పిక్సెళ్లు, అంటే తెర చుక్కలు, ఉన్నది) తీసుకోండి. కాకపోతే కార్డు మీద బరువు దాదాపు 80 శాతం పెరుగుతుంది, పిక్సెళ్లు అన్ని ఎక్కువ మరి. ప్యానెల్ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం) అని రాయించుకోండి. ఆటకి 144 హెర్ట్జ్ (సెకనుకి తెర మీద బొమ్మ అన్నిసార్లు మారుతుంది) లేదా ఆపైన చాలు. రోజంతా పద్దులు చూసే మనిషి ఉంటే ఎత్తు సర్దుకునే స్టాండుకి ఇంకో వెయ్యి పెట్టినా తప్పు లేదు. ఇంట్లో పాత మానిటర్ ఉంటే పారేయకండి. రెండో తెరగా పెడితే ఒకదాంట్లో ట్యాలీ, ఒకదాంట్లో జీఎస్టీ పోర్టల్.

గ్రాఫిక్స్ కార్డు

మానిటర్, యూపీఎస్ పక్కన పెట్టి మిగిలిన డబ్బులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా కార్డుకి పోనివ్వండి. అంతకన్నా తగ్గితే ఆట నీరసంగా నడుస్తుంది. అంతకన్నా పెరిగితే మిగతావి కక్కుర్తిగా కొనాల్సి వస్తుంది, ఆ కక్కుర్తి ఎప్పుడూ ఎస్‌ఎంపీఎస్ మీదే పడుతుంది.

కార్డు పేరు ఒకటే ఉన్నా లోపల సరుకు వేరుగా ఉండొచ్చు. ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతోనే 8 జీబీ కార్డుంది, 6 జీబీ కార్డుంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటాం. కాదు, 6 జీబీ దానిలో కోర్లు కూడా తక్కువ. అయినా అది పనికిమాలినదని అనను, ఎందుకంటే 70 వాట్లే తింటుంది, చాలా మోడళ్లకి విడిగా కరెంటు కేబుల్ కూడా అక్కర్లేదు. తేలిక ఆటలు ఆడే పిల్లలకి, పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్న ఇంటికి అది బాగుంటుంది. కానీ 8 జీబీ ధర ఇచ్చి 6 జీబీ తెచ్చుకోకూడదు. అలాగే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ 16 జీబీలోనూ దొరుకుతాయి. ఫుల్ హెచ్‌డీకి 8 జీబీ ఇవాళ్టికి సరే. 1440పీ అయినా, ఐదారేళ్లు కదపకూడదనుకున్నా 16 వైపు వెళ్లండి. మామూలు ఇంటికి నేను చెప్పే కార్డు ఆర్‌టీఎక్స్ 5060, లేదంటే ఆ ధరకి అటూ ఇటూగా ఆ రోజు దొరికే ఏఎండీ కార్డు. ఏ కంపెనీ అనే వాదన సంక్రాంతి కోడిపందెంలా ఎప్పటికీ తెగదు, కొనే రోజు ధర చూసి తెంచేసుకోండి.

కార్డు పొడవు మిల్లీమీటర్లలో రాసుకోండి. క్యాబినెట్ దగ్గర అవసరమొస్తుంది. సెకండ్ హ్యాండ్ కొంటే బిల్లు అడగండి, అమ్మేవాడి ఇంట్లోనే అరగంట ఆట ఆడించి చూడండి.

ప్రాసెసర్: చివరి అక్షరం చదవండి

ఆటకీ ఆఫీసుకీ కలిపి ఆరు కోర్లు చాలు. ఎనిమిది, పన్నెండు అని ఎవరు ఊరించినా, ఆ తేడా డబ్బు కార్డు మీద పెడితే ఆటలో కంటికి కనిపిస్తుంది. 96 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్న ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ గొప్పదే. దాని పక్కన మధ్యరకం కార్డు పెడితే మాత్రం ఎడ్లబండికి విమానం ఇంజను కట్టినట్టు.

ఇంటెల్‌లో నంబర్ చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ5 12400లో ఉంది, 12400ఎఫ్‌లో లేదు. ఏఎండీలో రైజెన్ 5 7600లో ఉంది, 7500ఎఫ్‌లో లేదు. ఎఫ్ రకం కొంచెం చవక, ఎలాగూ కార్డు ఉంది కదా అని అందరూ అదే చెప్తారు. ఆడుకునే సిస్టమ్ అయితే నేనూ అదే చెప్తాను. ఆఫీసు పని కూడా ఉంటే మాత్రం ఎఫ్ తీసుకోకండి. ఇది నాకు తగిలిన దెబ్బ. కార్డు పాడై వారంటీ కింద సర్వీసు సెంటరుకి పోయింది. మూడు వారాలు రాలేదు. ఆ మధ్యలోనే 20వ తారీఖు వచ్చింది, జీఎస్టీ 3బీ రిటర్నులు వేయాలి. నాది ఎఫ్ రకం కావడంతో తెర మీద చుక్క కూడా రాలేదు. పక్క కొట్టు కంప్యూటర్ ముందు రాత్రి పదింటి దాకా కూర్చున్నాను. లోపలి గ్రాఫిక్స్ ఉండుంటే మానిటర్ కేబుల్ బోర్డుకి గుచ్చి పని కానిచ్చేవాణ్ని.

'కే' అని ఉంటే పెట్టెలో ఫ్యాను రాదు, విడిగా కొనాలి. ఇంకా చీటీలో 'బాక్స్' అని రాయించండి. 'ట్రే' అంటే పెట్టె లేకుండా విడిగా వచ్చిన ప్రాసెసర్. దాని వారంటీ షాపాయన మాట మీద నడుస్తుంది. 13, 14 తరాల ఇంటెల్ తీసుకుంటే బోర్డుకి కొత్త బయోస్ (బోర్డుని నడిపే లోపలి ప్రోగ్రాం) వేయించడం మరవకండి. ఆ తరాల్లో వోల్టేజీ ఎక్కువై కొన్ని ప్రాసెసర్లు పాడవడంతో ఇంటెల్ 2024లో సరిదిద్దే అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ మరో రెండేళ్లు పెంచింది.

కొత్తగా కొనేవాళ్లకి నా ఓటు ఏఎండీ ఏఎం5 సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), అంటే రైజెన్ 7600 లాంటివాటికి. 2022లో వచ్చిన ఆ సాకెట్‌లోనే 7000, 8000, 9000 సిరీస్‌లు పడతాయి. నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఐ5 12400 కూర్చునే సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. బడ్జెట్ బిగువుగా ఉంటే అదీ మంచి బేరమే.

బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

బోర్డు మీద గొప్పలకి పోకండి. ఏఎండీకి బీ650, ఇంటెల్‌కి బీ760 చిప్‌సెట్ ఉన్న బోర్డు చాలు. హెచ్610 చవకగా వస్తుంది, కానీ ర్యామ్ స్లాట్లు రెండే. చూడాల్సినవి మూడు: నాలుగు ర్యామ్ స్లాట్లు, ఎస్‌ఎస్‌డీకి రెండు ఎం.2 స్లాట్లు, వెనక మీ జాబితాకి సరిపడా పోర్టులు. ఇంటెల్ బోర్డుల్లో ఒకే పేరు మీద డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాలుంటాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దూరదు. చీటీలో ఆ అంకె తప్పకుండా ఉండాలి.

2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఆకాశాన్నంటాయి. తయారీ కంపెనీలు మెమరీని ఏఐ సర్వర్ల వైపు మళ్లించడమే కారణం. కాబట్టి కొనే రోజు ధర చూసుకుని నిర్ణయించుకోండి. మామూలుగా నా సలహా రెండు ర్యామ్ కర్రలు వేసి 32 జీబీ. డబ్బు బిగిస్తే 8, 8 వేసి 16. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఒకే 16 కర్ర వేసి, ధర దిగాక అదే మోడల్ ఇంకోటి తెచ్చుకున్నా పెద్ద నష్టం లేదు. కార్డు లేకుండా ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లు మాత్రం రెండు కర్రలు వేసి తీరాలి, ఒక్క కర్రతో ఆట వేగం బాగా పడిపోతుంది. రైజెన్ 7000 సిరీస్‌కి డీడీఆర్5 6000 వేగం బాగా నప్పుతుంది.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ తీసుకోండి. పెద్ద ఆట ఒక్కోటి వంద జీబీ దాటిపోతోంది, 512 అంటే రెండు నెలల్లో ఏది తీసేయాలా అని తగువు. చీటీలో 'ఎన్‌వీఎంఈ' అని రాయించండి. ఎం.2 ఆకారంలోనే శాటా రకం కూడా అమ్ముతారు. అది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతే, ఎన్‌వీఎంఈ మూడో తరంది 3,500 దాకా, నాలుగో తరంది 7,000 దాకా పోతుంది. మూడు, నాలుగు తరాల మధ్య ఆటలో తేడా కనిపెట్టడం కష్టం, ధర దగ్గరగా ఉంటేనే నాలుగు. పాత హార్డ్ డిస్క్ ఉంటే ట్యాలీ బ్యాకప్‌కి తగిలించండి.

ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్, యూపీఎస్: మన ఊళ్లలో అసలు సంగతి

'క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్' అన్న లైను కనిపిస్తే కొట్టేయండి. ఆ రెండూ విడివిడిగా రాయించండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని అచ్చేసి ఉంటుంది, చేత్తో ఎత్తితే అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంటుంది. నిజం తెలియాలంటే పక్కనున్న స్టిక్కర్ చదవండి. 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో ఉంటుంది. దాన్ని 12తో గుణించండి. 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్‌లో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. స్టిక్కర్ మీద 18 ఆంపియర్లు ఉండి పైన 450 అని ఉంటే, ప్రాసెసర్‌కీ కార్డుకీ దక్కేది 216 వాట్లే. ప్రాసెసర్, కార్డు తినేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే.

లెక్క ఇలా వేయండి. రైజెన్ 5 7600 గట్టిగా పనిచేస్తే 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060కి 145, బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డ్రైవులకి ఓ 60. మొత్తం 300 లోపు. దీనికి 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే ముద్ర) ఎస్‌ఎంపీఎస్, ఐదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. నిండా బరువు మోయించకూడదు, అందుకే ఆ ఖాళీ. పనిలో పని, రోజూ మూడు గంటలు ఆడితే నెలకి 27 యూనిట్లు. పిల్లలకి ఈ లెక్క ముందే చెప్పండి.

ఇప్పుడు ఎర్తింగ్. గంటస్తంభం దగ్గర ఒక కిరాణా షావుకారు కొత్త సిస్టమ్ ముందు చెప్పుల్లేకుండా కూర్చుని క్యాబినెట్ తాకితే జివ్వుమంది. "ఏటండీ ఇది, కొత్తది కొన్నా షాక్ కొడతాది?" అని నా మీద పడ్డాడు. సిస్టమ్ తప్పు కాదు. గోడలో మూడు కన్నాల సాకెట్ ఉంది, పై పెద్ద కన్నానికి వెనక వైరే లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులోకి పోయే ఏర్పాటు ఉంటుంది. ఆ వైరు లేకపోతే క్యాబినెట్ రేకు మీదే సుమారు సగం వోల్టేజీ నిలబడి ఉంటుంది. మనిషికి జివ్వుమని ఊరుకోవచ్చు. ప్రింటర్ కేబుల్, మానిటర్ కేబుల్ గుచ్చేటప్పుడు మాత్రం ఆ కరెంటే పోర్టులు కాల్చేస్తుంది. సిస్టమ్ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో చూపించండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి ఏళ్లయి ఉంటే, మే నెలలో నేల ఎండిపోయినప్పుడు రెండు బకెట్ల నీళ్లు పోస్తూ ఉండండి. ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్ గార్డు కూడా సగం పనే చేస్తుంది.

యూపీఎస్ దగ్గర జనం మోసపోయేది వీఏ అంకె దగ్గర. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సుమారు 360 వాట్లు. ఆఫీసు పనిలో మన సిస్టమ్ వంద వాట్ల లోపే తింటుంది కాబట్టి అది సరిపోతుంది. ఆట మధ్యలో, మానిటర్‌తో కలిపి 330 వాట్లు లాగుతున్నప్పుడు కరెంటు పోతే ఒక్క కూత కూసి యూపీఎస్ కూడా పోతుంది. అందుకే 1000 వీఏ తీసుకోండి. అదైనా ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి ఆపుకోవడానికి. దాని బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాల్సిందే. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతామంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి, యూపీఎస్ మోడ్ ఆన్ చేసి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని టక్కున ఆగిపోతాయి. స్టెబిలైజర్ అమ్మబోతే వద్దనండి. మంచి ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ హెచ్చుతగ్గులు చాలావరకు తనే తట్టుకుంటుంది.

తుఫాను మన జిల్లాలకి కొత్త కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. హెచ్చరిక రాగానే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ వైరు, ల్యాన్ కేబుల్ కూడా తీసేయండి, పిడుగు అటు నుంచీ వస్తుంది. క్యాబినెట్ నేల మీద ఉంటే బల్ల మీదకి ఎక్కించండి. కరెంటు తిరిగొచ్చాక పావుగంట ఆగి, ట్యూబులైటు నిలకడగా వెలుగుతోందని చూసుకుని అప్పుడు పెట్టండి.

క్యాబినెట్

ముందువైపు అద్దం బిగించినవి వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే, గది ఎంత వేడెక్కితే కార్డూ అంతే వేడెక్కుతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. జాలీ వెనక దుమ్ము ఫిల్టరు ఊడదీసి కడిగేలా ఉండాలి, నెలకోసారి కడగాలి. రంగు లైట్లు మీ ఇష్టం, నాకైతే దీపావళి దుకాణంలా అనిపిస్తాయి. కార్డు పొడవు ఇక్కడ సరిచూసుకోండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు వానాకాలంలో వాడినా వాడకపోయినా రోజూ ఓ గంట సిస్టమ్ ఆన్ చేసి ఉంచండి, లోపల తేమ ఆరుతుంది.

ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి

మానిటర్, క్యాబినెట్, యూపీఎస్ ఊళ్లోనే కొనండి. బరువైనవి, పాడైతే భుజాన వేసుకుని తిరగలేం. ప్రాసెసర్, కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకి మాత్రం మూడు ధరలు కనుక్కోండి: మన ఊరు, విశాఖ ద్వారకానగర్, ఆన్‌లైన్. మూడొందల తేడా ఉంటే ఊళ్లో షాపాయనకే ఇచ్చేయండి, రేపు ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే. మూడు వేల తేడా ఉంటే విశాఖ బస్సెక్కండి, అరవై కిలోమీటర్లే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె సీలు తీసేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి.

కచ్చా బిల్లు వద్దు. ప్రతి పార్టు సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. కొన్ని కంపెనీలు వారంటీని బిల్లు తేదీ నుంచి కాకుండా సీరియల్ నంబర్ బట్టి తయారైన తేదీ నుంచి లెక్కేస్తాయి, కాబట్టి కొనకముందే ఆ కంపెనీ సైటులో నంబర్ కొట్టి చూడండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, మీ నంబరు వేయించుకుంటే వ్యాపారం కోసం కొన్న సిస్టమ్ మీద కట్టిన 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది. ఆదాయపు పన్నులో కంప్యూటర్‌కి 40 శాతం తరుగుదల కూడా ఉంది. రాత్రి ఆట సంగతి మీరూ మీ ఆడిటరూ చూసుకోండి.

విశాఖలో బిగించి తెచ్చుకుంటే, బస్సెక్కే ముందు గ్రాఫిక్స్ కార్డు విప్పించి విడిగా దాని పెట్టెలో తెండి. బరువైన కార్డు స్లాటుకి వేలాడుతూ గతుకుల్లో ఊగితే బోర్డు స్లాటే పోతుంది. ఒకసారి నేను విప్పించలేదు. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగేసరికి కార్డు పక్కకి వాలిపోయి ఉంది, బోర్డు మార్చాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక మొదటి సాయంత్రం

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చారా చూడండి. బోర్డుకి గుచ్చి "కొత్త కార్డు పని చెయ్యట్లేదు మావయ్యా" అని ఏడ్చినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి రిఫ్రెష్ రేటు చూడండి, 144 మానిటర్ కొని 60లోనే ఏడాది ఆడేవాళ్లున్నారు.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. వేగం, ఎన్ని స్లాట్లు వాడుతోందో అక్కడ ఉంటుంది. 6000 ర్యామ్ 4800 చూపిస్తే బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి, ఇంటెల్ బోర్డయితే ఎక్స్‌ఎంపీ. రెండు కర్రలుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. తర్వాత సీపీయూ-జడ్, జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములు వేసి, చీటీలోని పేర్లతో ఒక్కో లైనూ సరిపోల్చండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. కొత్తదానికి ఐదో పదో గంటలుండాలి. వందల్లో ఉంటే మర్నాడు పొద్దున్నే షాపు ముందు నిలబడండి.

షాపువాళ్లు ఉచితంగా వేసిచ్చే దొంగ విండోస్ వద్దు. మీ డిజిటల్ సంతకం, బ్యాంకు పాస్‌వర్డ్ దాని మీదే నడవాలి కదా. లైసెన్సు కొనండి, రెండు యూజర్ అకౌంట్లు పెట్టండి. ఆడేవాళ్ల అకౌంటుకి అడ్మిన్ హక్కు ఇవ్వకండి. క్రాక్ చేసిన ఆటలు ఈ మెషిన్‌లో వేయనని పిల్లల దగ్గర మాట తీసుకోండి, ఆ మాట నమ్మకుండా ట్యాలీ డేటా వారానికోసారి బయటి డ్రైవులోకి తీయండి. ఆటల్లో ఫ్రేములని (సెకనుకి వచ్చే బొమ్మలని) మానిటర్ రేటు దగ్గర ఆపేస్తే వేడీ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది.

చివరగా పెట్టెలు. కార్డుదీ, బోర్డుదీ, ఎస్‌ఎంపీఎస్‌దీ ఖాళీ డబ్బాలు వారంటీ అయ్యేదాకా పారేయకండి, సర్వీసుకి పంపేటప్పుడు అవే కావాలి. కొన్న తేదీ స్కెచ్ పెన్నుతో డబ్బా మీద రాసి, పాలిథిన్ కవరులో కట్టి అటకెక్కించండి. మా మేనల్లుడి కార్డు డబ్బాని ఎలకలు కొరికేశాయి, ఇప్పుడది పచ్చడి జాడీల అట్టపెట్టెలో సర్వీసుకి వెళ్లాల్సి ఉంటుంది.